వీణను వదిలి విశ్వనగరాలకు: సూఫీ గురువు ఇనాయత్ ఖాన్ జీవితం

సూఫీ తత్త్వం అనగానే భారతీయులకు దర్గా, ఖవ్వాలీ, ఉర్సు ఉత్సవం స్ఫురిస్తాయి. అయితే లండన్, న్యూయార్క్ వంటి మహానగరాలలో, ఉద్యోగ వ్యాపారాల నడుమ, మతం మార్చుకోకుండానే సూఫీ ధ్యానాన్ని అభ్యసించే సంప్రదాయం కూడా నూరేళ్లకు పైగా కొనసాగుతోంది. దానికి పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు హజ్రత్ ఇనాయత్ ఖాన్. బరోడాలో పుట్టిన ఈ వైణికుడికి ఆధ్యాత్మిక మార్గం దొరికింది మాత్రం హైదరాబాద్‌లోనే.

1882 జులై 5న జన్మించిన ఇనాయత్ ఖాన్‌కు సంగీతం వంశపారంపర్యంగా అబ్బింది. మాతామహుడు మౌలాబక్ష్ బరోడా సంస్థానంలో పేరెన్నికగన్న విద్వాంసుడు. హిందుస్థానీ, కర్ణాటక సంప్రదాయాలు రెండింటినీ ఎరిగిన ఆయన, గాయక్వాడ్ పాలకుల ఆదరణతో సంగీత పాఠశాలను నడిపారు. తండ్రి రహమత్ ఖాన్ ద్రుపద గాయకుడు. హిందువులు, ముస్లింలు, పార్సీలు కలిసిమెలిసి ఉన్న ఆ వాతావరణంలో పెరిగిన ఇనాయత్ చిన్నతనంలోనే గానంలోనూ, వీణావాదనంలోనూ ప్రావీణ్యం సంపాదించారు.

యౌవనంలో హైదరాబాద్ చేరుకున్న ఆయన ప్రతిభను ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గుర్తించి, తాన్‌సేన్ బిరుదుతో సత్కరించారు. ఆస్థాన గౌరవం దక్కినా ఆయన అన్వేషణ ఆగలేదు. ఆ నగరంలోనే చిష్తీ సంప్రదాయానికి చెందిన సయ్యద్ అబూ హాషిం మదనీకి శిష్యులయ్యారు. సంగీతాన్ని దైవసాన్నిధ్యానికి సాధనంగా భావించే చిష్తీ మార్గంలో, కళకూ సాధనకూ మధ్య ఆయనకు విరోధం కనిపించలేదు. 1907లో మదనీ కన్నుమూశారు. తూర్పు పడమరలను సంగీతం ద్వారా కలపమని గురువు అప్పగించిన బాధ్యతను ఇనాయత్ జీవితకర్తవ్యంగా స్వీకరించారు.

1910 సెప్టెంబర్ 13న బొంబాయి రేవు నుంచి అమెరికాకు ప్రయాణమయ్యారు. వెంట సోదరుడు మహబూబ్ ఖాన్, బంధువు మహమ్మద్ అలీ ఖాన్ ఉన్నారు. ఆ రోజులలో పాశ్చాత్య ప్రేక్షకులకు భారతీయ రాగం ఒక వింత వినోదం మాత్రమే. నర్తకి రూత్ సెయింట్ డెనిస్ బృందంతో కలిసి వేదికలెక్కినప్పుడు పొట్టకూటికి మార్గం దొరికినా, గురువు కోరిన కార్యం నెరవేరలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో రబియా మార్టిన్ అనే మహిళ పశ్చిమ దేశాలలో ఆయనకు తొలి శిష్యురాలైంది. 1913లో అమెరికన్ వనిత ఓరా రే బేకర్‌ను లండన్‌లో వివాహమాడారు. ఆమె అమీనా బేగంగా పేరు మార్చుకున్నారు. తొలి సంతానం నూర్ 1914 జనవరి 1న మాస్కోలో జన్మించింది.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో లండన్‌లో ఉన్న సంవత్సరాలు ఆయన జీవితాన్ని మలుపు తిప్పాయి. కచేరీలు తగ్గాయి, ప్రసంగాలు పెరిగాయి. చివరకు ప్రాణసమానమైన వీణను పక్కన పెట్టి, పూర్తిగా ఆధ్యాత్మిక బోధకే అంకితమయ్యారు. ఏ సంగీతం కోసం సముద్రాలు దాటారో దానినే త్యజించడం ఆయన చెల్లించిన అతిపెద్ద మూల్యం.

ఆయన రూపొందించిన మార్గం నగరవాసికి అనువైనది. సంసారాన్ని విడనాడమనలేదు. శ్వాసపై ఏకాగ్రత, నామస్మరణ, మౌనధ్యానం వంటి సాధనలను దినచర్యలో భాగం చేసుకోమన్నారు. శిష్యుడు తన మతాన్ని వీడనవసరం లేదన్నారు. మహిళలకు గురుస్థానం కల్పించారు. 1921లో ఆరంభించిన విశ్వారాధనలో వివిధ మతాల పేరిట దీపాలు వెలిగించి, ఆ మతగ్రంథాలను ఒకే వేదికపై పఠించే పద్ధతి నెలకొల్పారు. పారిస్ శివార్లలోని సురెన్‌లో ఉన్న ఫజల్ మంజిల్ ఆయన నివాసమైంది. అక్కడి వేసవి శిబిరాలకు పలు దేశాల నుంచి శిష్యులు తరలివచ్చేవారు.

ఇస్లాం నుంచి విడదీసిన సూఫీతత్త్వం సూఫీతత్త్వమేనా అన్న ప్రశ్న మాత్రం ఆయనను వెన్నంటే ఉంది. షరియత్ అనే వేరు లేకుండా ఈ చెట్టు నిలవదని సంప్రదాయవాదుల అభ్యంతరం. దైవప్రేమ ఏ ఒక్క మతానికీ సొంతం కాదన్నది ఆయన అనుయాయుల సమాధానం. ఆయన మరణానంతరం నాయకత్వంపై విభేదాలు తలెత్తి శిష్యగణం శాఖలుగా చీలింది. ఐక్యతను బోధించిన గురువు వారసత్వానికే ఐక్యత కొరవడింది.

నిరంతర ప్రయాణాలతో అలసి 1926 చివరలో స్వదేశానికి తిరిగివచ్చిన ఇనాయత్ ఖాన్, 1927 ఫిబ్రవరి 5న ఢిల్లీలో 44వ ఏట కన్నుమూశారు. నాజీల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో బ్రిటన్ తరఫున రహస్య రేడియో ఆపరేటర్‌గా పనిచేసిన ఆయన కుమార్తె నూర్, 1944 సెప్టెంబర్ 13న దాఖౌ నిర్బంధ శిబిరంలో హత్యకు గురయ్యారు. తండ్రి బొంబాయి రేవును వీడి ఆనాటికి సరిగ్గా 34 ఏళ్లు.

ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా దర్గాకు సమీపంలోనే ఇనాయత్ ఖాన్ సమాధి ఉంది. ఏటా ఫిబ్రవరిలో జరిగే ఉర్సుకు విదేశీ శిష్యులు తరలివస్తారు. కుమారుడు విలాయత్ ఖాన్ చొరవతో ఆ బస్తీలో మొదలైన హోప్ ప్రాజెక్ట్ పేద కుటుంబాలకు విద్య, వైద్యం అందిస్తోంది. సిద్ధాంత వివాదం ఎటు తేలినా, ఇరుకు సందుల ఆ బస్తీలో ఆయన పేరు పసిపిల్లల ఆకలికీ, చదువుకూ ముడిపడి నిలిచింది.