అశోకుడు: ఉపాసకుడైన తర్వాతి ఏడాది



గనుల మధ్య బతికే మనకు ఎరుకే, భూమిలో ఏమున్నదో తవ్వితే గానీ తెలువదు. అశోకుని సంగతీ అట్లనే అయింది. దేశమంతటా బండల మీద, స్తంభాల మీద ఆయన రాయించిన శాసనాలున్నాయి. కానీ ఆ బ్రాహ్మీ లిపిని చదవగలిగేవాళ్లు వందల ఏండ్లు లేకుండా పోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ దాన్ని చదివాడు. అయినా చిక్కు తీరలేదు. శాసనాల్లో రాజు తన పేరు దేవానాంపియ పియదసి అనే చెప్పుకున్నాడు. ఈ పియదసి ఎవరు? 1915లో, అప్పటి నిజాం రాజ్యంలోని మస్కి దగ్గర ఒక బండ మీద శాసనం దొరికింది. అందులో అశోకుడు అన్న పేరు స్పష్టంగా ఉంది. దాన్ని కనిపెట్టింది ఒక బంగారు గని ఇంజనీరు.

ఆ బండ మీద అశోకుడు తన గెలుపుల గురించి రాయించలేదు. ధమ్మంలో తన ప్రయాణం గురించి రాయించాడు. ఆ మాటకు వద్దాం. ముందుగా ఆయన చేసిన యుద్ధం గురించి తెలుసుకోండి.

సముద్రపు ఒడ్డున యుద్ధం

అశోకుడు మౌర్య చంద్రగుప్తుని మనుమడు, బిందుసారుని కొడుకు. క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషేకం జరిగింది. తాత తండ్రుల నుంచే ఆయనకు చాలా పెద్ద రాజ్యం వచ్చింది. తూర్పు సముద్రపు ఒడ్డున కళింగ మాత్రం లొంగలేదు. ఇప్పటి ఒడిశా తీరం నుంచి మన శ్రీకాకుళం వైపు దాకా ఉన్న దేశం అది. దక్షిణానికి పోయే బాట, ఓడల వర్తకం రెండూ దానికి బలం. కళింగ రాజుకు 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు ఉండేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు, అంటే క్రీ.పూ. 261 ప్రాంతంలో, అశోకుడు కళింగను గెలిచాడు. నష్టం లెక్క ఆయనే చెప్పాడు. యుద్ధంలో చచ్చిపోయినవాళ్లు లక్ష మంది. చెరపట్టి ఊళ్ల నుంచి తరలించింది 1,50,000 మందిని. ఆ తర్వాత చనిపోయినవాళ్లు దానికి ఎన్నో రెట్లు. ఓపెన్ కాస్టు కింద ఊరు పోయినోళ్లు మన బస్తీల్లోనే ఉన్నరు. ఒక్క ఊరు పోతేనే ఎంత దుఃఖమో వాళ్లకు తెలుసు.

సినిమాల్లో అశోకుడు శవాల నడుమ నిలబడి కత్తి పారేసినట్టు చూపిస్తరు. శాసనంలో ఆ దృశ్యం లేదు. ఉన్నది అంతకన్నా బరువైనది. దెబ్బలు తిన్నవాళ్ల గురించే కాదు, దెబ్బ తగలకున్నా తమవాళ్లను పోగొట్టుకొని ఏడ్చేవాళ్ల గురించి కూడా ఆయన బాధపడ్డాడు. తల్లిదండ్రులను చూసుకుంటూ, దాసులతో, పనివాళ్లతో మంచిగా మెలిగే మామూలు మనుషులు నలిగిపోయారని ఒప్పుకున్నాడు. గెలిచిన రాజు తన గెలుపును తప్పుగా రాతిలో చెక్కించడం చాలా అరుదు.

ఈ 13వ శాసనం మన తెలుగు నేల మీద, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. కానీ కళింగలోని ధౌలి, జౌగడ బండల మీద లేదు. దాని బదులు అక్కడి అధికారులకు ఆజ్ఞలున్నాయి: జనాన్ని బిడ్డల్లాగా చూడాలి, అన్యాయంగా జైల్లో పెట్టొద్దు. పుండు మీద కారం చల్లొద్దని వదిలేశాడా? ఓడినవాళ్ల ముందు తప్పు ఒప్పుకోలేకపోయాడా? మీరే ఆలోచించండి.

దీక్ష తీసుకున్నాక

ఇక మస్కి బండ సంగతి. ఇదే శాసనం ఎర్రగుడిలోనూ ఉంది. తాను ఉపాసకుడై రెండున్నర ఏండ్లు దాటిందని, అందులో ఒక ఏడాది పాటు గట్టిగా ప్రయత్నం చేయలేదని అశోకుడు చెప్పాడు. సంఘం దగ్గరికి పోయిన తర్వాతనే ఆయనకు పట్టుదల వచ్చింది. పట్టుదల ఉంటే పెద్దోళ్లే కాదు, చిన్నోళ్లు కూడా సాధించగలరని అందరికీ చాటించాడు.

ఆ మార్పు కూడా ఒక్క రోజులో రాలేదు. రాజు వంటశాలలో రోజూ లక్షల జీవాలను కోసేవాళ్లని ఆయనే చెప్పాడు. దాన్ని రెండు నెమళ్లకు, ఒక జింకకు తగ్గించి, వాటినీ మాన్పిస్తామన్నాడు. వేట యాత్రలు మాని ధమ్మ యాత్రలు మొదలుపెట్టాడు. పట్టాభిషేకమైన పదో ఏట బుద్ధగయకు పోయాడు. మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేయించాడు. బాటల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించాడు. పరాయి మతాలను కించపరచొద్దన్నాడు. తన బిడ్డలు మహింద, సంఘమిత్తలను ధమ్మం కోసం సింహళానికి పంపాడని పాళీ గ్రంథాలు చెప్తున్నాయి.

మన మనిషని లోపాలు దాచొద్దు. ఆయన కళింగను తిరిగి ఇవ్వలేదు. అడవి జనాలకు హెచ్చరిక చేశాడు. మరణశిక్షను రద్దు చేయలేదు, మూడు రోజుల గడువు మాత్రం ఇచ్చాడు. ధమ్మంలోకి వచ్చినంత మాత్రాన రాజు రాజు కాకుండా పోలేదు.

క్రీ.పూ. 232 ప్రాంతంలో ఆయన చనిపోయాడు. చివరికి చేతిలో సగం ఉసిరికాయే మిగిలితే, దాన్నీ సంఘానికి ఇచ్చాడని బౌద్ధ కథ.

మన సంగతి

1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది అశోక విజయదశమి నాడే. మనమూ ఆ రోజున తెల్లబట్టలు కట్టి, త్రిశరణ పంచశీలాలు పలికి, 22 ప్రతిజ్ఞలు చేసినం. ఆ తర్వాత? జీతం రోజున మళ్లీ కల్లు దుకాణం, ఇంట్లో ఆడబిడ్డ మీద చెయ్యి. కొందరి ఇండ్లల్ల పెండ్లికి ముహూర్తం, అయ్యగారు కూడా వచ్చినరు. నేనూ దీక్ష తీసుకున్నాక రెండేండ్లు మీటింగులకు తిరిగిన గానీ ఇంట్లో నా కోపం తగ్గలే. సిగ్గుపడి ఊరుకున్న.

అశోకుడు సిగ్గుపడి దాచుకోలేదు. నేను ఒక ఏడాది వెనుకబడ్డ అని దేశమంతా చదివేటట్టు చెక్కించాడు. మీరు బండ మీద చెక్కించక్కరలేదు. ఈ పౌర్ణమి నాడు విహారంలో కూర్చున్నప్పుడు, దీక్ష తర్వాత నేను ఎక్కడ ఆగిపోయిన అని మిమ్మల్ని మీరు అడగండి. జవాబును ఇంట్లోవాళ్ల ముందు ఒప్పుకోండి. మళ్లీ మొదలుపెట్టడానికి అది చాలు.

నమో బుద్ధాయ. జై భీమ్.