కింజి ఫుకసాకు

కింజి ఫుకసాకు (జూలై 3, 1930 - జనవరి 12, 2003) జపాన్ దేశానికి చెందిన ప్రముఖ సినిమా దర్శకుడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత వీధిన పడ్డ యువకులు, వారి ముఠాల మధ్య జరిగిన పోరాటాలు ఇతని చిత్రాలకు ముఖ్యమైన వస్తువులు. యువకులను పోరులోకి దింపి, దాని ఫలితాన్ని వారికే వదిలివేసే పెద్దల పట్ల అవిశ్వాసం ఇతని చిత్రాలన్నిటా కనిపిస్తుంది.

బాల్యం, విద్య

ఫుకసాకు టోక్యోకు ఈశాన్యంగా ఉన్న మిటో నగరంలో జన్మించాడు. యుద్ధకాలంలో ఇతని తరగతి విద్యార్థులందరినీ ఆయుధ కర్మాగారంలో పనికి పంపారు. 1945లో ఆ కర్మాగారం ఫిరంగి దాడికి గురైంది. అప్పటికి ఇతని వయస్సు 15 సంవత్సరాలు. ప్రాణాలు దక్కించుకొనడానికి పిల్లలు ఒకరి క్రింద ఒకరు దూరారు. బ్రతికి బయటపడినవారు చనిపోయిన సహవిద్యార్థుల శవాలను తొలగించవలసి వచ్చింది. ఆనాటి నుండి పెద్దల మాటలపై తనకు నమ్మకం పోయిందని ఇతడు తరువాతి కాలంలో పలుమార్లు చెప్పాడు. యుద్ధానంతరం నిహోన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1953లో టోయి చిత్రనిర్మాణ సంస్థలో చేరాడు.

సినీరంగం

1961లో దర్శకుడయ్యాడు. 1964లో తీసిన "తోడేళ్ళు, పందులు, మనుషులు" మురికివాడలో పుట్టిన ముగ్గురు అన్నదమ్ముల కథ. పెద్దవాడు ముఠాలో చేరగా, రెండవవాడు ఆ ముఠా సొమ్మును దోచుకొనడానికి తమ్ముడినీ, అతని స్నేహితులనూ వాడుకుంటాడు.

జపాన్‌లో వ్యవస్థీకృత నేరస్థుల ముఠాలను యాకుజా అంటారు. 1960లలో టోయి చిత్రాలు యాకుజాను మాట తప్పని వీరులుగా చూపేవి. ఫుకసాకు ఇందుకు భిన్నమైన మార్గం పట్టాడు. 1972లో వచ్చిన "గెందై యాకుజా: హితోకిరి యోత" చిత్ర కథానాయకుడు జపాన్ లొంగిపోయిన 1945 ఆగష్టు 15ననే పుట్టినవాడు. వీధి కుర్రాళ్ళను కూడగట్టి పెద్ద ముఠాలను ఎదిరిస్తాడు. ఈ పాత్రను బుంటా సుగవరా పోషించాడు.

1973లో విడుదలైన "జింగి నకి తటకై" (నీతి, మానవత లేని పోరాటాలు) ఇతనికి గొప్ప పేరు తెచ్చింది. హిరోషిమా, కురే నగరాలలో జరిగిన నిజమైన ముఠా తగాదాలు దీనికి ఆధారం. అణుబాంబు మేఘంతో మొదలయ్యే ఈ చిత్రంలో యుద్ధం నుండి తిరిగివచ్చిన యువకులు నల్లబజారులో ముఠాగా ఏర్పడతారు. నాయకుడు తన లాభం కోసం వారిని బలిపెడతాడు. కెమెరాను చేతపట్టి తీయడం వలన కొట్లాటలు వార్తాచిత్రంలా గజిబిజిగా కనిపిస్తాయి. ఎవరైనా చనిపోగానే దృశ్యం నిలిచిపోయి, వారి పేరు తెరపై పడుతుంది. 1974 నాటికి ఈ వరుసలో 5 చిత్రాలు వచ్చాయి.

చివరి చిత్రాలు

2000లో, 70 ఏళ్ళ వయస్సులో, కౌషున్ టకామి నవల ఆధారంగా "బ్యాటిల్ రాయల్" తీశాడు. చిత్రానువాదం ఇతని కుమారుడు కెంటా వ్రాశాడు. ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం ఒక తరగతి విద్యార్థులు 42 మందిని ఒక ద్వీపంలో వదలి, ఒక్కరే మిగిలేవరకు చంపుకొమ్మని ఆజ్ఞాపించడం ఇందులోని కథ. హింస ఎక్కువగా ఉన్నదని జపాన్ పార్లమెంటు సభ్యులు కొందరు ఈ చిత్రాన్ని విమర్శించారు. 15 ఏళ్ళ లోపువారికి ప్రవేశం నిషేధించడంతో, కథలోని పిల్లల ఈడువారిలో అనేకులు దీనిని థియేటర్లలో చూడలేకపోయారు.

తనకు కాన్సర్ ఉన్నదని 2002లో ప్రకటించిన తరువాత కూడా ఇతడు రెండవ భాగం చిత్రీకరణ మొదలుపెట్టాడు. కొద్ది రోజులకే, 2003 జనవరి 12న టోక్యోలో మరణించాడు. మిగిలిన చిత్రాన్ని కెంటా పూర్తిచేయగా అదే సంవత్సరం విడుదలైంది.