షార్లెట్ బ్రాంటి: వ్రాతకు తోడు

జేన్ ఐర్ అను ఆంగ్లనవల పేరు మన విద్యార్థులలో పెక్కురు వినియే యుందురు. దానిని రచించిన షార్లెట్ బ్రాంటి 1816 వ సంవత్సరము ఏప్రిల్ 21 వ తేదీన ఇంగ్లండు దేశమున యార్కుషైరులోని థారన్‌టన్ గ్రామమున జన్మించెను. తండ్రి ప్యాట్రిక్ బ్రాంటి పాదిరి. 1820లో ఆయనకు హావర్త్ అను కొండయూరి దేవాలయమున పని కుదురుటచే కుటుంబమంతయు అచ్చటికి తరలిపోయెను. మరుసటి యేట తల్లి గతించెను. 1825లో అక్కలిరువురు బడిలో జబ్బుపడి, ఇల్లు చేరి, మృతినొందిరి. మిగిలిన నలుగురిలో షార్లెటే పెద్దది. తక్కినవారు తమ్ముడు బ్రాన్వెల్, చెల్లెండ్రు ఎమిలీ, ఆన్.

1826లో తండ్రి కుమారునికి కొన్ని కొయ్యసిపాయిలను కొని తెచ్చెను. పిల్లలు వానికి పేర్లు పెట్టి, రాజ్యములు కల్పించి, ఆ రాజ్యముల చరిత్రలను అరచేత నిముడు చిన్న పుస్తకములలో మిక్కిలి సన్నని యక్షరములతో వ్రాసి తామే కుట్టుకొనిరి. ఒకరు వ్రాసినది మరియొకరు చదువుట వారికి ఆటలోనే అలవడెను.

పెద్దవారైన పిమ్మట అక్కచెల్లెండ్రు బడులలోను, ధనికుల యిండ్లలోను పిల్లలకు చదువు చెప్పి కష్టపడిరి. 1845లో ఎమిలీ రహస్యముగా వ్రాసికొనిన పద్యములు షార్లెట్ కంటబడెను. చెల్లెలు మిగుల కోపించెను. ఆమెను సమాధానపరచుటకు కొన్ని గంటలును, అచ్చువేయుటకు ఒప్పించుటకు కొన్ని దినములును పట్టెను. అంతట ఆన్ కూడ తన పద్యములను తెచ్చి యిచ్చెను. స్త్రీల రచనలను లోకము చులకనగా చూచునని భయపడి, కరర్, ఎల్లిస్, ఆక్టన్ బెల్ అను మారుపేర్లతో 1846లో తమ సొంత ఖర్చుమీద ఆ సంపుటమును ప్రకటించిరి. ఒక సంవత్సరములో అమ్ముడుపోయినవి రెండు ప్రతులు మాత్రమే! అయినను వారు కలము విడువలేదు.

రాత్రి తొమ్మిది గంటలకు కుట్టుపని కట్టిపెట్టి, గదిలో అటునిటు నడచుచు తమ కథలను గూర్చి మాటలాడుకొనుట వారి యలవాటు. వారమునకు ఒకటి రెండు రాత్రులు తాము వ్రాసినదానిని చదివి వినిపించి, తక్కినవారి యభిప్రాయమును తెలిసికొనుచుండిరి. వారు చెప్పినదానికెల్ల షార్లెట్ తలయొగ్గెనని తలంపరాదు. వారి మాటపై తన వ్రాతను మార్చుట అరుదు. కథానాయికలందరు సౌందర్యవతులే కానక్కరలేదని చెల్లెండ్రతో వాదించి, తనవలె పొట్టిదియు అందము లేనిదియు నగు నాయికను చూపెదనని పంతము పట్టెనని చెప్పుదురు. ఆ నాయికయే జేన్ ఐర్. వినువారుండుటచేతనే ఆ పంతము పుట్టెను.

ఆమె మొదటి నవల ది ప్రొఫెసర్‌ను ప్రకాశకులు పలుమారులు త్రిప్పిపంపిరి. 1846 ఆగస్టులో తండ్రి కంటికి శస్త్రము చేయించుటకై మాంచెస్టరులో నుండగా, ఆ నిరాశలోనే జేన్ ఐర్ ప్రారంభించెను. అది 1847 అక్టోబరులో వెలువడి గొప్ప పేరు తెచ్చెను. డిసెంబరులో ఎమిలీ రచించిన వుదరింగ్ హైట్స్, ఆన్ రచించిన ఆగ్నెస్ గ్రే ప్రకటింపబడెను.

అంతలో విపత్తులు వరుసగా వచ్చెను. 1848 సెప్టెంబరులో బ్రాన్వెల్, డిసెంబరులో ఎమిలీ, 1849 మేలో ఆన్ మరణించిరి. సగము దాటిన షర్లీ అను నవలను షార్లెట్ వినువారు లేకయే ముగించెను. రాత్రివేళ ఆ గదిలో ఆమె యొక్కతెయే నడచు అడుగుల చప్పుడు ఇంటి పరిచారికకు వినబడుచుండెనట.

1850లో చెల్లెండ్ర పుస్తకములను ఆమె మరల అచ్చు వేయించెను. ఎమిలీ నవలలో పల్లెటూరి సేవకుడు పలుకు యాసను, దక్షిణదేశపు చదువరులకు తెలియుటకై, తానే దిద్దెను. ప్రేమతోనే దిద్దెను, కాని ఒప్పుదునని గాని, ఒప్పనని గాని చెప్పుటకు ఎమిలీ లేదు. తరువాతి సంపాదకులు పెక్కురు 1847 నాటి పాఠమునకే మరలిరి.

1853లో విలెట్ వెలువడెను. 1854 జూనులో ఆర్థర్ నికల్స్ అను పాదిరిని ఆమె వివాహమాడెను. ఆ సంవత్సరాంతమున ఒక రాత్రి క్రొత్త కథ ప్రారంభమును భర్తకు చదివి వినిపించెను. మరల బడికథయే వ్రాసితివని విమర్శకులందురేమోయని ఆయన చెప్పగా, మార్చెదననియు, తనకు తృప్తి కలుగువరకు రెండు మూడుసారులు మొదలుపెట్టుట తన వాడుకయనియు ఆమె బదులు చెప్పెను. కాని కాలము చాలలేదు. 1855 మార్చి 31 వ తేదీన, ముప్పది తొమ్మిదవయేడు నిండకమునుపే, ఆమె పరమపదించెను.

విద్యార్థులారా! మీ వ్యాసమును ఉపాధ్యాయుని బల్లపై నుంచుటకు ముందు మీ స్నేహితునికొకసారి చదివి వినిపింపుడు. అతడు చెప్పినది అంగీకరించుటయు, మానుటయు మీ చేతిలోనిదే. మీ స్నేహితుడు తన వ్యాసము చదువునపుడు మీరును ఓపికతో వినుడు. అట్టి చెవి యొకటి దొరకుట ఎంత భాగ్యమో హావర్త్‌లోని ఆ గది మనకు తెలుపుచున్నది.