యంత్రశిల్పి హెన్రీ రాయిస్

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో పసుపుపచ్చని పాతకారు ఒకటి యువ సందర్శకులను విశేషంగా ఆకర్షిస్తుంది. అది 1912 నాటి రోల్స్ రాయిస్ 'సిల్వర్ ఘోస్ట్'. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కోసం దానిని సింహాసనం వంటి ఆసనంతో తయారు చేయించారు. అది చేరకముందే, 1911లో, ఆయన కన్నుమూశాడు. రాజవైభవానికి గుర్తుగా నిలిచిన ఆ కారు పేరులో సగం, ఒకనాడు లండన్ వీధుల్లో వార్తాపత్రికలు అమ్ముకున్న నిరుపేద బాలునిది. అతడే హెన్రీ రాయిస్.

ఫ్రెడరిక్ హెన్రీ రాయిస్ 1863 మార్చి 27న ఇంగ్లండులోని పీటర్‌బరో పట్టణ సమీపాన గల ఆల్వాల్టన్ గ్రామంలో జన్మించాడు. ఐదుగురు సంతానంలో అతడు కడపటివాడు. తండ్రి జేమ్స్ పిండిమర నడిపేవాడు. వ్యాపారం చెడిపోవడంతో కుటుంబం లండన్‌కు తరలిపోయింది. 1872లో తండ్రి మరణించేనాటికి రాయిస్ వయస్సు తొమ్మిదేళ్ళు. ఆడుకోవలసిన వయస్సులో అతడు పత్రికలు అమ్మాడు. తంతివార్తలు ఇంటింటికీ చేరవేశాడు. బడిలో చదువుకున్నది అతి స్వల్పకాలమే.

1878లో దగ్గరి బంధువు ఒకామె రుసుము చెల్లించగా, పీటర్‌బరోలోని రైలు కర్మాగారంలో పని నేర్చుకునే అవకాశం లభించింది. కాని మూడేళ్ళకే ఆ ధనసహాయం ఆగిపోయింది. శిక్షణ పూర్తికాకుండానే రాయిస్ బతుకుతెరువు వెతుక్కుంటూ బయలుదేరవలసి వచ్చింది. లీడ్స్‌లో పనిముట్లు తయారుచేసే సంస్థలోను, తరువాత లండన్‌లో ఒక విద్యుద్దీపాల సంస్థలోను పనిచేశాడు. సాయంకాలపు తరగతులకు వెళ్ళి విద్యుచ్ఛక్తి శాస్త్రం నేర్చుకున్నాడు.

1884లో ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ అనే మిత్రునితో కలసి మాంచెస్టర్‌లోని కుక్ వీధిలో చిన్న కర్మాగారం స్థాపించాడు. ఇద్దరి పెట్టుబడీ కలిపి డెబ్భై పౌన్లు మాత్రమే. విద్యుత్ గంటలతో మొదలైన ఆ సంస్థ క్రమంగా డైనమోలు, బరువులెత్తే క్రేన్లు తయారుచేసే స్థాయికి ఎదిగింది. ఆకలిదప్పులు మరచి పనిలో మునిగిపోవడం రాయిస్‌కు అలవాటైంది. ఆ అలవాటే అతని ఆరోగ్యాన్ని లోలోపల తినివేసింది.

ఆ రోజులలో రాయిస్ 'డెకావిల్' అనే ఫ్రెంచి పాతకారు ఒకటి కొన్నాడు. దాని రొద, కుదుపులు అతనికి నచ్చలేదు. అయినా దానిని పారవేయలేదు. భాగాలన్నీ విడదీసి, ఒక్కొక్కదాని లోపం పరిశీలించాడు. ఆ అనుభవంతో స్వయంగా రూపొందించిన మొదటి కారు 1904 ఏప్రిల్ 1న రోడ్డెక్కింది. అదే ఏడాది మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్‌లో చార్లెస్ రోల్స్ అతనిని కలుసుకున్నాడు. రోల్స్ ప్రభువంశీయుడు, కేంబ్రిడ్జి పట్టభద్రుడు, కార్ల వ్యాపారి. ఇద్దరి పుట్టుకలకూ పొంతన లేదు. యంత్రంపై ప్రేమ వారిని కలిపింది. 1906లో రోల్స్ రాయిస్ సంస్థ ఏర్పడింది.

ఆ సంవత్సరమే రాయిస్ ఆరు సిలిండర్ల పెద్ద కారును రూపొందించాడు. దాని క్రాంక్ షాఫ్ట్‌ను ఏడు బేరింగులపై దృఢంగా నిలిపి, వాటికి ఒత్తిడితో నూనె అందే ఏర్పాటు చేశాడు. కుదుపు తగ్గింది, శబ్దం అణిగింది. వెండిరంగు పూసిన అటువంటి కారు ఒకదానికి 1907లో 'సిల్వర్ ఘోస్ట్' అని పేరు పెట్టారు. ఆ ఏడాది అది సుమారు 15,000 మైళ్ళ కఠిన పరీక్షకు తట్టుకొని నిలిచింది. 1926 వరకు ఆ తరహా కార్లు ఏడువేలకు పైగా తయారయ్యాయి.

కీర్తి వెంటనే కష్టాలూ వచ్చాయి. 1910 జూలై 12న రోల్స్ విమాన ప్రమాదంలో మరణించాడు. మరుసటి ఏడాది రాయిస్ తీవ్రంగా జబ్బుపడ్డాడు. 1912లో పెద్ద శస్త్రచికిత్స జరిగింది. ఇక ఎంతోకాలం బ్రతకడని వైద్యులు భావించారు. డెర్బీలోని కర్మాగారానికి దూరంగా, కొంతకాలం దక్షిణ ఫ్రాన్సులోను, ఆ పిమ్మట ఇంగ్లండు సముద్రతీరంలోను అతడు జీవించవలసి వచ్చింది. శరీరం సహకరించకపోయినా మేధస్సు విశ్రమించలేదు. ఇంటినుండే నమూనాలు గీసి పంపేవాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అతడు రూపొందించిన 'ఈగిల్' విమాన ఇంజన్ల బలంతోనే 1919లో ఆల్కాక్, బ్రౌన్‌లు అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఎక్కడా ఆగకుండా దాటారు.

1930లో బ్రిటిష్ ప్రభుత్వం అతనికి బారొనెట్ బిరుదునిచ్చింది. అయినా తనను తాను మెకానిక్‌గా చెప్పుకోవడానికే రాయిస్ ఇష్టపడేవాడు. 1933 ఏప్రిల్ 22న వెస్ట్ విట్టరింగ్‌లో తుదిశ్వాస విడిచాడు. అతని ఆధ్వర్యంలో రూపకల్పన మొదలైన 'మెర్లిన్' ఇంజన్ 1940లో బ్రిటన్‌ను కాపాడిన యుద్ధవిమానాలకు ప్రాణమైంది.

పాతకారును చూడగానే యువతను ఆకట్టుకునేవి దాని రంగు, రాజసం. వాటి అడుగున దాగి ఉన్న శ్రమను కూడా గుర్తించినప్పుడే ఆ అభిమానం సార్థకమవుతుంది. రాయిస్ జీవితం పనిలో శ్రద్ధను నేర్పుతుంది. ఆరోగ్యాన్ని అశ్రద్ధ చేయరాదనీ హెచ్చరిస్తుంది. లోపమున్న వస్తువును నిందించి ఊరుకోక, విప్పి చూసి, అంతకంటే మేలైనదానిని నిర్మించిన ఆ పేద బాలుని పట్టుదల ప్రతి విద్యార్థికీ ఆదర్శప్రాయం.