తన భాషకు అక్షరాలు చేసిన సెక్వోయా

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాషతో పెరిగిన మనకు సెక్వోయా కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆయన చెరోకీ తెగవాడు. 1770 ప్రాంతంలో, అమెరికాలో ఇప్పటి టెనెసీ రాష్ట్రంలో పుట్టాడు. తల్లి దగ్గరే పెరిగాడు. ఒక కాలు అవిటి. వెండి పని, కమ్మరి పని చేసి బతికేవాడు. ఇంగ్లీషు చదవడం, రాయడం రాదు. తెల్లవాళ్లు కాగితం మీద గీతలు గీసి దూరాన ఉన్నవాళ్లకు కబురు పంపడం చూశాడు. మా మాటకు మాత్రం ఆ వీలు ఎందుకు ఉండకూడదు అనుకుని 1809 ప్రాంతంలో పని మొదలుపెట్టాడు.

ముందు ఒక్కో మాటకు ఒక్కో గుర్తు పెట్టాడు. అవి లెక్కలేనన్ని అయ్యాయి. అన్ని గుర్తులు ఎవరు జ్ఞాపకం పెట్టుకుంటారు? పనులు మానేసి గీతలు గీస్తున్నాడని ఊళ్లోవాళ్లు పిచ్చివాడన్నారు. చేతబడి అని కూడా అనుమానించారు. ఆ గుర్తులన్నీ భార్యే తగలబెట్టిందని చెప్పుకుంటారు. ఇల్లు గడవక విసిగిపోయిందేమో, ఆమెను నేను తప్పుపట్టలేను.

ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి మాటల్ని వదిలి, మాటల్లో తిరిగి తిరిగి వచ్చే ధ్వనుల్ని పట్టుకున్నాడు. 86 గుర్తులతో భాష మొత్తం సరిపోయింది. మన గుణింతంలో క, కి, కు ఒకే పోలికతో ఉంటాయి కదా. ఆయన లిపిలో అలా కాదు, ఒక్కో ధ్వనికి పూర్తిగా వేరే రూపం.

మొదట నేర్చుకున్నది ఆయన కూతురు ఆయోకా, ఆరేళ్ల పిల్ల. 1821లో తెగ పెద్దలు తండ్రీకూతుళ్లను దూరదూరంగా ఉంచి పరీక్షించారు. తాము చెప్పిన మాటలు ఒకరు రాస్తే, అక్కడ లేని రెండోవారు తప్పు లేకుండా చదివేసరికి పెద్దలు ఒప్పుకున్నారు.

తర్వాత బడులతో పని లేకుండానే, ఒకరి దగ్గర ఒకరు, వేలమంది నేర్చుకున్నారు. 1828 ఫిబ్రవరి 21న న్యూ ఎకోటాలో చెరోకీ ఫీనిక్స్ పత్రిక వచ్చింది. అందులో చెరోకీ, ఇంగ్లీషు రెండూ ఉండేవి.

1835లో జార్జియా గార్డు దళం ఆ ప్రెస్సును ఎత్తుకుపోయింది. 1838-39లో సైన్యం చెరోకీలను సొంత నేల నుంచి పడమటికి తరిమింది. శిబిరాల్లో, దారిలో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. అక్షరాలు వాళ్ల భూమిని కాపాడలేకపోయాయి. కానీ కొత్త చోట 1844లో మళ్లీ పత్రిక పెట్టుకున్నారు, అవే అక్షరాలతో.

సెక్వోయా అంతకు ముందే పడమటికి వెళ్లిపోయాడు. ముసలితనంలో, విడిపోయి మెక్సికో వెళ్లిన చెరోకీలను వెతుక్కుంటూ బయలుదేరి, 1843లో అక్కడే కన్నుమూశాడు. 1829లో ఆయన కట్టుకున్న దుంగల ఇల్లు ఓక్లహోమాలో ఇప్పటికీ ఉంది.