జైలు తలుపు తట్టిన కవి - జస్టిస్ ఆనంద్ నారాయణ్ ముల్లా

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ముల్లా అంటే మసీదు పనులు చూసుకునే పెద్దమనిషి. అందుకే ఉర్దూ కవుల పేర్లలో ఆనంద్ నారాయణ్ ముల్లా అని వినగానే ఎవరైనా ఒక క్షణం ఆగిపోతారు. ముందు సగం ఒకరిది, వెనుక సగం మరొకరిది అన్నట్టుంటుంది ఆ పేరు. వాస్తవానికి ఆయన కాశ్మీరీ పండిత కుటుంబీకుడు, లక్నో వాసి. ముల్లా అనేది వారి ఇంటిపేరు. ఉర్దూ చదువుకున్న వారు ఆయనను కవిగా ఎరుగుదురు. వకీళ్లు హైకోర్టు జడ్జిగా ఎరుగుదురు. అయితే ఎనభై ఏళ్ల వయసు దగ్గరపడిన తర్వాత ఖైదీల కోసం ఆయన చేసిన పని మనలో చాలా మందికి తెలియదు. తెలుసుకోవలసిన పని అది.

ముల్లా గారు 1901 అక్టోబరులో జన్మించినారు. తండ్రి పండిట్ జగత్ నారాయణ్ ముల్లా ఆ రోజుల్లో పేరు మోసిన వకీలు. ఆ తండ్రి జీవితంలో రెండు ఘట్టాలు చరిత్రకెక్కినాయి. 1919లో జలియన్‌వాలాబాగ్ కాల్పుల తర్వాత ప్రభుత్వం వేసిన హంటర్ కమిటీలో ఉన్న ముగ్గురు భారతీయ సభ్యులలో ఆయన ఒకరు. తెల్లదొరల నివేదికతో ఏకీభవించక ఆ ముగ్గురూ వేరే నివేదిక రాసినారు. అదే పెద్దమనిషి కొన్నేళ్లకు కాకోరీ రైలు కేసులో ప్రభుత్వం తరఫు వకీలుగా నిలబడినారు. ఆ కేసులోనే రాంప్రసాద్ బిస్మిల్, అష్ఫాఖుల్లా ఖాన్ మొదలైన నలుగురికి ఉరి పడింది. అష్ఫాఖుల్లా గారిని 1927 డిసెంబరు 19న ఫైజాబాదు జైలులో ఉరితీసినారు. అప్పటికి ఆనంద్ నారాయణ్ వయసు 26. అధికారాన్ని ప్రశ్నించిన నివేదిక, మనుషులను జైలుకూ ఉరికంబానికీ పంపిన వాదన, రెండూ ఆ ఇంటివే.

ఆయన లక్నోలో ఇంగ్లీషు సాహిత్యం, తర్వాత లా చదివి అక్కడే ప్రాక్టీసు పెట్టినారు. మొదట ఇంగ్లీషులో పద్యాలు రాసినా, త్వరలోనే ఉర్దూకు వచ్చేసినారు. గజల్ రాసినారు, నజ్మ్ రాసినారు. పగలు కోర్టు, రాత్రి ముషాయిరా. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఆయన ఉర్దూ కవితా సంపుటికి వచ్చింది. ఉర్దూ ఒక మతం వారి భాష అన్నవారికి ఆయన జీవితమే జవాబు. మతాన్నయినా వదులుకుంటాను గాని మాతృభాష అయిన ఉర్దూను వదులుకోలేనని ఆయన బహిరంగంగా ప్రకటించినారు. అంజుమన్ తరఖ్ఖీ ఉర్దూ హింద్‌కు అధ్యక్షులుగా కూడా పని చేసినారు.

1954లో అలహాబాదు హైకోర్టు జడ్జి అయినారు. 1961 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఒక పోలీసు అధికారికి సంబంధించిన కేసులో ఆయన రాసిన మాటలు దేశమంతా గుప్పుమన్నాయి. చట్టాన్ని కాపాడవలసిన పోలీసు యంత్రాంగమే చట్టాన్ని తప్పే వారిలో అందరికన్నా ముందుందన్న భావంతో ఆయన గట్టిగా రాసినారు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 1963లో సుప్రీంకోర్టు ఆ మాటలను రికార్డు నుంచి కొట్టివేసింది. కొందరి తప్పుకు మొత్తం పోలీసు శాఖను అంత మాట అనటం తగదన్నది దాని ఉద్దేశం. ఆ తీర్పు న్యాయమే కావచ్చు. కాని జడ్జి కుర్చీలో కూర్చుని లాకప్పు లోపల జరిగేది తనకు పట్టదన్నట్టు ఊరుకోలేని మనిషి అని మాత్రం దేశానికి తెలిసిపోయింది.

ఆ తర్వాత 1967లో లక్నో నుంచి ఏ పార్టీ టికెట్టూ లేకుండా స్వతంత్రునిగా లోక్‌సభకు గెలిచినారు. 1972 నుంచి 1978 వరకు రాజ్యసభలో ఉన్నారు. ఇంక విశ్రాంతి తీసుకుంటారనుకునే వయసులో అసలు పని ఆయన దగ్గరికి వచ్చింది.

ఆనాటి జైళ్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1894లో ఇంగ్లీషు వారు చేసిన జైళ్ల చట్టంలోనే విజిటర్లు అనే ఏర్పాటుకు చోటుంది. అధికారులు కొందరు, ఊరి పెద్దమనుషులు కొందరు అప్పుడప్పుడు జైలుకు పోయి, ఖైదీలతో మాట్లాడి, చూసినది పుస్తకంలో రాయాలి. ఏర్పాటు మంచిదే. కాని ముందుగా చెప్పి వచ్చే తనిఖీ ఎట్లా ఉంటుందో బడిలో పని చేసే మా వంటి వారికి బాగా తెలుసు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చే రోజు గోడకు సున్నం, పిల్లలకు శుభ్రమైన బట్టలు, రిజిస్టర్లన్నీ సరిగ్గా! మరునాడు మళ్లీ మామూలే. బడికైతే తల్లిదండ్రులు రోజూ వస్తారు పోతారు, దాచినా దాగదు. జైలుకు ఎవరొస్తారు? లోపలి మాట బయటికి రావాలంటే లోపలి వారే చెప్పాలి, వారికి నోరు లేదు.

మన రాయలసీమలోనే చూడండి. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో ఒక రాత్రి బయటివారు చొరబడి సెల్లు మీద బాంబులు వేసినారు. ఒక తండ్రి చనిపోయినాడు, కొడుకు గాయాలతో బతికినాడు. తమ ప్రాణాలకు ముప్పుందని వారు ముందే చెప్పుకున్నారు, అయినా చాలినంత కాపలా పెట్టలేదు. ప్రభుత్వం నష్టపరిహారం ఇవ్వవలసిందేనని సుప్రీంకోర్టులో ఖాయమయ్యేటప్పటికి 2000 సంవత్సరం వచ్చింది. ఇరవై మూడేళ్లు!

1979లో రెండు సంగతులు దేశాన్ని కదిలించినాయి. బీహారు జైళ్లు తిరిగి చూసిన రుస్తంజీ అనే పోలీసు ఉన్నతాధికారి, విచారణ కూడా మొదలు కాకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్న వారిని గురించి పత్రికలో రాసినారు. నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం అప్పటికే లోపల గడిపిన వారు అందులో ఉన్నారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండవది, తోటి ఖైదీని హింసించినారని తీహార్ జైలు నుంచి ఒక ఖైదీ రాసిన ఉత్తరం. దానినే అర్జీగా తీసుకుని, జిల్లా జడ్జీలు జైళ్లకు స్వయంగా పోయి చూడాలని, ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించింది. రెండింటిలోనూ జరిగినది ఒకటే. లోపలి నిజం ఎట్లాగో గోడ దాటి వచ్చింది, వచ్చిన తర్వాతే కదలిక వచ్చింది.

ఈ నేపథ్యంలో 1980 జూలైలో కేంద్ర ప్రభుత్వం అఖిల భారత జైలు సంస్కరణల కమిటీని వేసి, ముల్లా గారిని అధ్యక్షునిగా నియమించింది. అప్పటికి ఆయన వయసు 78. ఆ వయసులో మనం ఇంటి అరుగు మీద కూర్చుంటాము. ఆయన రాష్ట్రాలు తిరిగి జైళ్లు చూసినారు. 1983 మార్చిలో నివేదిక ఇచ్చేనాటికి 81 నిండినాయి. సిఫారసులే 600కు పైబడినాయి.

అన్నింటినీ చెప్పుకోవటానికి ఈ పేజీలు చాలవు. ముఖ్యమైనవి చూద్దాము. తిండి, బట్ట, గాలి, పారిశుద్ధ్యం మనిషికి తగినట్టుండాలి. విచారణ ఖైదీల సంఖ్యను వీలైనంత తగ్గించాలి, వారిని శిక్షపడిన వారితో కలిపి ఉంచరాదు. జైలు ఉద్యోగులకు సరైన శిక్షణ ఇచ్చి, అఖిల భారత స్థాయిలో ఒక సర్వీసు ఏర్పరచాలి. విడుదలైన వానికి మళ్లీ బతుకుతెరువు చూపటం కూడా జైలు పనిలో భాగమే. గోడలు లేని ఓపెన్ జైళ్లు పెరగాలి. మన అనంతపురం దగ్గర 1965 నుంచి ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉన్న సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది, ఆ మార్గమే ఇది. జైళ్ల బాగోగులు ఎప్పటికీ చూస్తుండటానికి ఒక జాతీయ కమిషన్ ఉండాలి.

వీటన్నిటిలో నాకు గొప్పగా తోచినది మరొకటి. పత్రికల వారిని, సామాన్య ప్రజలను అప్పుడప్పుడు జైలు లోపలికి రానివ్వాలని ఆ కమిటీ చెప్పింది. అప్పుడు గాని లోపలి పరిస్థితి ప్రజలకు కళ్లారా తెలియదు, తెలిస్తే గాని బయటికి వచ్చిన మనిషిని వారు చేరదీయరు అని దాని తర్కం. ఇందులో పెద్ద విషయం ఉంది. జైలును గురించి జైలే చెప్పుకుంటే అది సాక్ష్యం కాదు. జైలు జీతం తినని మనిషి, జైలరుకు భయపడనక్కరలేని మనిషి లోపలికి పోవాలి, చూడాలి, బయటికొచ్చి చెప్పగలగాలి. జడ్జిగా లాకప్పు కథలు విన్న వ్యక్తికి ఈ సంగతి తెలియకుండా ఎట్లా ఉంటుంది?

నివేదిక ఏమైందని మీరడగవచ్చు. కొన్ని అమలైనాయి, చాలా మటుకు కాగితం మీదే ఉండిపోయినాయి. జైళ్లు రాష్ట్రాల జాబితాలోని విషయం. ఆయన కోరినట్టు వాటిని ఉమ్మడి జాబితాలోకి మార్చలేదు. జాతీయ కమిషనూ రాలేదు. కాని జైళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ముల్లా కమిటీ పేరు వస్తూనే ఉంది. 1996లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దానిని గుర్తు చేసింది. 2003లో, మళ్లీ 2016లో తయారైన నమూనా జైలు మాన్యువళ్లకు వెనుక ఆ ఆలోచనలున్నాయి. 1894 నాటి చట్టానికి బదులుగా 2023లో కేంద్రం ఒక నమూనా చట్టాన్ని రాష్ట్రాలకు పంపింది. విత్తనం వేసిన వాడు చెట్టును చూడలేదు. ముల్లా గారు 1997లో కాలం చేసినారు.

ఇప్పటి లెక్క కూడా చెప్పాలి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురికి నేరం ఇంకా రుజువు కాలేదు. ఇట్లాంటి వారిలో ఎక్కువ మంది జామీను దొరకని పేదవారు, వకీలును పెట్టుకోలేనివారు. ఏ కులమైనా, ఏ మతమైనా బీదవాని గతి ఒకటే.

కావున సంక్షేమ సంఘాల వారు ఈ రెండు విషయాలు ఇంటింటికీ చెప్పాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం జైలులో ఉన్న ఏ మనిషికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా వకీలును ఇవ్వాలి. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ రాసుకుంటే చాలు. 2023లో వచ్చిన పేద ఖైదీల సహాయ పథకం కింద, బెయిలు మంజూరై కూడా డబ్బు కట్టలేక లోపలే ఉన్నవారికి డబ్బు సాయం దొరుకుతుంది. తెలిసినవారు తెలియనివారికి చెప్పటమే సేవ.

మన పిల్లలకు ముల్లా గారి గజళ్లు నేర్పుదాము. దానితోబాటు ఆయన నివేదికను గురించీ చెబుదాము. కోర్టులో వాదించే ఇంట పుట్టి, న్యాయపీఠం మీద కూర్చుని, చివరికి ఖైదీ గడప దాకా నడిచిపోయిన మనిషి ఆయన. జైలుకు పోయినవాని ఇంటివైపు చూడకుండా తల తిప్పుకునే అలవాటు మన వీధుల్లో ఇంకా ఉంది. ఆ ఇంటి ఆడవారికి, పిల్లలకు ఒక అర్జీ రాసి పెట్టే చదువుకున్నవాడు వీధికొకడు ముందుకొస్తే, ఆ పెద్దాయన పడిన శ్రమకు అంతకన్నా మంచి నివాళి లేదు.