నడుం వంగని వూళ్ళూ, ఒక డాక్టరూ

సావనీరుకు ఒక మహనీయుని జీవితం రాసివ్వమని ఎడిటర్ గారు అడిగినప్పుడు మా రూములో పెద్ద చర్చే జరిగింది. ఒకతను సి.వి. రామన్‌ని తీసుకున్నాడు. ఇంకొకతను ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని ముందే రిజర్వు చేసుకున్నాడు. నేను హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ అన్నాను. ఆయనెవరని అందరూ నవ్వారు. వైద్య ప్రపంచంలో మలేరియా గురించి చదివినవాళ్ళకు ఆ పేరు బాగా తెలుసు. మా దర్శి ప్రాంతంలో మాత్రం ఎవరికీ తెలియదు. తెలిసి వుండాల్సింది మాకే.

ఆయన దగ్గరికి పోయేముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. ఆమె పొయ్యి ముందు వంగి కూర్చోలేక పదేళ్ళయింది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషే మొత్తం తిరగాలి. కంది చేలో, మిరప చేలో వయసంతా వంగి పనిచేసిన మనిషి యిప్పుడు నులక మంచం మీద నిట్టనిలువుగా కూర్చుంటుంది. పోయిన ఏడాది నేనూ మా నాయనా ఆమెను టౌనులో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ కుర్ర డాక్టరు గారు నొప్పి పదికి ఎంత వుందో చెప్పమన్నాడు. ఆమె నా మొహం చూసింది. పదికి ఎంతంటే ఏందని నన్నే అడిగింది. చివరికి డాక్టరు గారే ఏదో అంకె వేసుకుని, వయసు నొప్పులని తేల్చి, మాత్రలు రాసిచ్చి పంపించాడు. ఏ నీళ్ళు తాగుతారని ఒక్క మాట అడగలేదు. ఆసుపత్రి పేరు యిక్కడ అనవసరం.

ఆ ఒక్క మాటనే 1930లలో అడిగినవాడు షార్ట్.

ఆయన 1887లో పంజాబులో పుట్టాడు. స్కాట్లండులోని ఎబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, 1910లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడు. ఆ తర్వాత అస్సాములో కాలా అజార్ జ్వరం మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. వూళ్ళకు వూళ్ళను తుడిచిపెట్టిన జబ్బు అది. దాన్ని మోసేది ఇసుక ఈగ అనే చిన్న పురుగని నిరూపించటానికి చాలా కాలం పట్టింది. ఆఖరి రుజువు 1942లో అచ్చయిన పరిశోధనా వ్యాసంలో వుంది. స్వామినాథ్, ఆండర్సన్‌లతో పాటు అందులో షార్ట్ పేరు కూడా వుంది.

మనకు కావలసింది మధ్యలో గడచిన కాలం. 1930లలో ఆయన మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు డైరెక్టరుగా వున్నాడు. అప్పటికి మా ప్రాంతం ప్రకాశం జిల్లా కాదు. ఆ జిల్లా 1970లో ఏర్పడింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో వుండేవి. ఆ జిల్లా మెట్ట వూళ్ళల్లో పళ్ళు గారపట్టిన పిల్లలూ, నడుములు బిగుసుకుపోయిన పెద్దలూ వున్నారు. అది కర్మ అన్నవాళ్ళు వుంటారు, వాతం అన్నవాళ్ళు వుంటారు. మా వూళ్ళో యిప్పటికీ వున్నారు గదా!

షార్ట్, ఆయనతో సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి యీ జబ్బును పరిశీలించి, 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం ప్రకటించారు. కారణం బావి నీళ్ళలోని ఫ్లోరైడ్. అదే ఏడు మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్‌లతో కలిసి షార్ట్ మద్రాసు రాజధాని మొత్తం మీద యింకో పెద్ద వ్యాసం రాశాడు. యీ బార్నార్డ్ మద్రాసులో ఎక్స్‌రే వైద్యానికి ఆద్యుడు. ఆయన పేరుతో అక్కడ ఒక సంస్థే వుంది. నీటి పరీక్ష ఒక పక్క, ఎక్స్‌రే ఒక పక్క, రోగిని ఎదురుగా నిలబెట్టి చూడటం మధ్యలో. ఫ్లోరైడ్ వల్ల మనిషి ఎముకలూ నరాలూ ఎలా దెబ్బతింటాయో మన దేశంలో మొట్టమొదట తెలియజెప్పింది మన ప్రాంతపు మనుషుల్ని చూసే. ఎవరో ముక్కూ మొహం తెలియని మెట్ట రైతులు ఆ వ్యాసంలో కేసులుగా వున్నారు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఫ్లోరైడ్ సంగతి కాదు, అది మా కెమిస్ట్రీ పాఠమే. గ్రానైటు రాళ్ళున్న నేలలో, సున్నం తక్కువైన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ కరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అంతవరకూ ఎవరైనా చెప్తారు. వీళ్ళు మాత్రం నొప్పి నడిచే దారిని రాసుకున్నారు. ముప్ఫై నలభై ఏళ్ళ వయసులో ముందు కాళ్ళూ చేతులూ చిమచిమలాడటం, తిమ్మిర్లు. తర్వాత నడుములో నొప్పి, దాని వెంట బిగువు. ఆ బిగువు వెన్నుపూస వెంట పైకి ఎక్కి మెడ దాకా పోతుంది. చివరికి పక్కటెముకలు కూడా కదలకపోతే మనిషి పొట్టతోనే వూపిరి తీసుకోవాలి. పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కితే కాళ్ళు పడిపోతాయి. అది చదువుతుంటే మా నాయనమ్మ చరిత్రే చదువుతున్నట్టుంది. ఆమె చెప్పుకున్న వరస కూడా యిదే. ఆమె మాటల్ని మేం వరసగా వినలేదు, అంతే.

ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. కీళ్ళను కట్టే నరాలు సున్నపుబట్టి రాయిలా మారటం కనిపిస్తుంది. నొప్పి మాత్రం కనిపించదు. ఫొటోలో ఏమీ తేలకముందే కొన్నేళ్ళపాటు మనిషి మూలుగుతూ వుండొచ్చు. డాక్టరుకు అప్పుడు ఆధారం రోగి నోటి మాట ఒక్కటే. దాన్ని కొలిచే పని ప్రపంచంలో చాలా ఆలస్యంగా మొదలైంది. 1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మెల్జాక్ అనే ఆయన నొప్పిని చెప్పే మాటలు 78 పోగుచేసి, 20 గుంపులుగా పెట్టి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. పొడిచినట్టుందా, కాలినట్టుందా, గుంజినట్టుందా అని రోగిని అడిగేది అది. మా నాయనమ్మకు అంకె రాదు గానీ యీ మాటలు కావలసినన్ని వచ్చు. సలుపు వేరు, పోటు వేరు, పీకుడు వేరు, తీపులు వేరు. తెల్లవారుజామున వచ్చేది ఏదో, చలికి వచ్చేది ఏదో తేడాగా చెప్తుంది. ఆ రోజు ఆసుపత్రిలో ఆమెను పదికి ఎంతని కాక ఎట్లా వుందని అడిగివుంటే అరగంట చెప్పివుండేది. అరగంట వినే తీరిక ఎవరికుందని అడగొద్దు. పరిశోధన చేసినవాళ్ళకు వుంది మరి.

యింత పనిచేసిన షార్ట్ యిక్కడ ఆగలేదు. తర్వాత లండన్‌లోని హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో ప్రొఫెసరయ్యాడు. 1948లో గార్న్‌హామ్‌తో కలిసి, మలేరియా క్రిమి దోమ కుట్టిన తర్వాత రక్తంలోకి రాకముందు కాలేయంలో దాక్కుంటుందని చూపించాడు. ముందు కోతిలో, తర్వాత స్వచ్ఛందంగా ఒప్పుకున్న ఒక మనిషిలో. సికింద్రాబాదులో రాస్ 1897లో కనిపెట్టిన కథకు అది మిగిలిన ముక్క. 1950లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. పుస్తకాల్లో ఆయన గురించి వుండేదంతా యిదే. నెల్లూరు జిల్లా నీళ్ళ సంగతి వుంటే ఒక వాక్యం వుంటుంది.

ఒక మాట మాత్రం అనకుండా వుండలేను. జబ్బుకు కారణం 1937లోనే తెలిసింది. 1970లలో పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతి వచ్చింది. మా పక్కకు సాగర్ కుడి కాలువ వచ్చింది, దర్శి బ్రాంచి కాలువ కింద వరి కూడా పండింది. అయినా కాలువకు దూరంగా వున్న వూళ్ళలో బోర్లు లోతుకు దింపుతూనే వున్నాం, లోతుకు పోయేకొద్దీ రాతినీళ్ళు తాగుతూనే వున్నాం. షార్ట్ చేయాల్సింది షార్ట్ చేశాడు. మిగతాది చేయాల్సినవాళ్ళు ఆయనలా పరాయి దేశం వాళ్ళు కారు.

సర్వేలకు పోయే వైద్యులు యిప్పటికీ వాడే మూడు పరీక్షలున్నాయి. మిషను అక్కరలేదు. మోకాళ్ళు వంచకుండా నేల మీది బిళ్ళను తీయాలి. గడ్డాన్ని రొమ్ముకు ఆనించాలి. రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోవాలి. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు మా నాయనమ్మతో చేయించాను. రూపాయి బిళ్ళ అట్లాగే నేల మీద వుండిపోయింది. గడ్డం కిందికి రాలేదు. చేతులు చెవుల దాకా వచ్చి ఆగాయి. ఆమెకు యిదంతా ఆటలా అనిపించి నవ్వింది. మా అమ్మను కూడా చేయమన్నాను. అమ్మ బిళ్ళ తీసింది గానీ లేచేటప్పుడు నడుం పట్టుకుంది. మా నాయన చూసి ఏమీ అనకుండా బయటికి పోయాడు. మర్నాడు బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి, కాలేజీకి తీసుకుపొమ్మని నా సంచిలో పెట్టాడు.

ఆ రాత్రి నాయనమ్మకు షార్ట్ కథంతా చెప్పాను. ఆ దొర యింకా వున్నాడా అని అడిగింది. 1987లో పోయాడనీ, నిండా నూరేళ్ళు బతికాడనీ చెప్పాను. కాసేపు ఆలోచించి, ఆయన ఏ బావి నీళ్ళు తాగేవాడో కనుక్కోమంది.